బెల్లం నీళ్లలో కలిపితే మళ్లీ చెరకు రసం అవుతుందా?

తిరుపతి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్ల అమ్మాయికి పరీక్షలో "చెరకు రసం నుంచి బెల్లం తయారుచేయడం ఏ రకమైన మార్పు? కారణం రాయండి" అని ఇచ్చారట. "భౌతిక మార్పు. నీళ్లు ఆవిరైపోతాయి, తీపి మిగులుతుంది" అని పాప రాసింది. తప్పు కొట్టారు. బెల్లాన్ని తిరిగి రసంగా మార్చలేం కాబట్టి అది రసాయన మార్పు అని తరగతిలో వివరణ ఇచ్చారు. పాప ఊరుకోలేదు. "బెల్లం నీళ్లలో కలిపితే పానకం వస్తుంది కదా అమ్మా, అది తిరిగి రావడం కాదా?" అని ఇంటికొచ్చి అడిగింది. ఎవరిది సరి అని తల్లి తెలుసుకోవాలనుకుంటున్నారు.

అమ్మా, ముందు పాపను నా తరఫున మెచ్చుకోండి. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పాను. చెప్పిన సూత్రాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి పరీక్షించి చూసిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక జవాబు: దిద్దినవారి తీర్పులో కొంత నిజం ఉంది, కానీ చెప్పిన కారణం సరికాదు. పాప రాసిన కారణంలో చాలా నిజం ఉంది, కానీ అది పూర్తి కాదు. మా సొంత ఊరు చిత్తూరు దగ్గరే. ఇంటికి చెరకు గానుగ ఉండేది. ఈ పాఠం నాకు పుస్తకంలో కంటే ముందు పొయ్యి దగ్గరే ఎదురైంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట ఆ "తిరిగి వస్తుందా, రాదా" అన్న కొలబద్దను పక్కన పెట్టాలి. పాఠ్యపుస్తకాల్లో "భౌతిక మార్పులు సాధారణంగా తిరిగి పొందగలిగేవి" అని ఉంటుంది. నోట్సుల్లోకి, గైడుల్లోకి వచ్చేసరికి ఆ "సాధారణంగా" రాలిపోతుంది. పిల్లలకు మిగిలేది ఒక కొండగుర్తు మాత్రమే: తిరిగి వస్తే భౌతికం, రాకపోతే రసాయనికం.

ఈసారి తిరుమల వెళ్లినప్పుడు ఆలయం ఎదుట అఖిలాండం దగ్గర పాపను కాసేపు నిలబెట్టండి. అక్కడ ఒకరు కొబ్బరికాయ కొడుతుంటారు, పక్కనే మరొకరు కర్పూరం వెలిగిస్తుంటారు. పగిలిన కాయను ఎవరూ అతికించలేరు. కాలిన కర్పూరాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఆ కొండగుర్తు ప్రకారం రెండూ రసాయన మార్పులే కావాలి. కానీ కాయ పగిలినంత మాత్రాన చిప్ప వేరే పదార్థం కాలేదు, కొబ్బరి వేరే పదార్థం కాలేదు, నేల మీద చిందిన నీళ్ల రుచి కూడా అదే. మారింది ఆకారం ఒక్కటే. కర్పూరం సంగతి అలా కాదు. అందులోని కార్బన్, హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మారిపోయాయి. హారతి పళ్లెంలో కర్పూరం లేకపోవడమే కాదు, అసలు ఎక్కడా లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే మామిడి, బత్తాయి రైతుల ఇళ్లలో ఉండే మైలుతుత్తం చూడండి. నీలి స్ఫటికాలు. శాస్త్రం దాన్ని కాపర్ సల్ఫేట్ అంటుంది. ప్రతి కాపర్ సల్ఫేట్‌తోనూ 5 నీటి అణువులు బంధంలో ఉంటాయి, ఆ నీలం రంగు ఆ బంధం వల్ల వచ్చిందే. పరీక్షనాళికలో వేసి బాగా వేడిచేస్తే నీళ్లు విడిపోయి తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక ఒక చుక్క నీళ్లు వేస్తే చేతికి వెచ్చగా తగులుతూ మళ్లీ నీలం వచ్చేస్తుంది. బంధాలు తెగాయి, మళ్లీ ఏర్పడ్డాయి, అందుకే ఇది రసాయన మార్పు. అయినా చక్కగా తిరిగి వచ్చింది. (ఇది ప్రయోగశాలలో పెద్దవాళ్లు చేసి చూపించాల్సినది. మైలుతుత్తం విషం, ఇంట్లో పొయ్యి మీద వద్దు.)

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. ముందున్న పదార్థమే ఇప్పుడూ ఉందా, లేక కొత్తది పుట్టిందా? ఇంతే. అయితే ఈ ప్రశ్న అడగడం తేలిక, జవాబు తేల్చడమే కష్టం. అణువులు కంటికి కనబడవు. అందుకే పదార్థ ధర్మాల పాఠం ఈ పాఠంతో కలిపి చదవాలి. రెంటినీ వేరువేరు అధ్యాయాలుగా చదివి, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదనుకోవడం దగ్గరే చాలామంది పిల్లలు దారి తప్పుతారు.

ఎంత బరువుంది, ఎంత చోటు ఆక్రమించింది అన్నవి పదార్థం ఏమిటో చెప్పవు. ఎంత తీసుకుంటే అంత. సాంద్రత అలా కాదు, గుప్పెడు తీసుకున్నా బండెడు తీసుకున్నా ఒకటే. శేషాచలం అడవుల్లోని ఎర్రచందనం చేవ ముక్క చిన్నదైనా నీళ్లలో మునుగుతుంది, మామిడి దుంగ ఎంత పెద్దదైనా తేలుతుంది. కరిగే ఉష్ణోగ్రత, మరిగే ఉష్ణోగ్రత, నీళ్లలో కరగడం, మంటకు అంటుకోవడం, ఆమ్లంతో చర్య జరపడం, ఇవన్నీ ఆ కోవలోవే. మార్పు తరువాత ఈ ధర్మాలన్నీ యథాతథంగా ఉంటే పదార్థం అదే. కొత్త ధర్మాలు వచ్చి, చల్లార్చినా ఆరబెట్టినా పాతవి రాకపోతే కొత్త పదార్థం పుట్టిందని అనుమానించాలి.

ధర్మాన్ని చెప్పేటప్పుడు ఏ పరిస్థితిలో కొలిచారో కూడా చెప్పాలి. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయన్నది సముద్రమట్టం దగ్గరి మాట. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. కొండ మీద నీళ్లు వేరే నీళ్లు కావు.

ఇప్పుడు గానుగ దగ్గరికి వద్దాం.

గడను గానుగలో పెట్టి పిండడం భౌతిక మార్పు, దానిలో వివాదం లేదు. ఒక పక్క రసం, మరో పక్క పిప్పి. పచ్చి రసం 100 కిలోలు తీసుకుంటే అందులో 80 కిలోలకు పైగా నీళ్లే. దాన్ని పెద్ద బాణలిలో పోసి, ఎండిన పిప్పినే పొయ్యిలోకి తోస్తూ కాస్తారు. పొయ్యిలో పిప్పి మండటం పూర్తిగా రసాయన మార్పు. బాణలిలో నీళ్లు ఆవిరవడం భౌతిక మార్పు. మధ్యన ఇనుప రేకు మందం ఒక్కటే అడ్డు. చిన్నప్పుడు ఆ పొయ్యి ముందు కూర్చున్న నాకు ఇది తట్టలేదు. పాఠం చెప్పడం మొదలుపెట్టాక తట్టి ఆశ్చర్యపోయాను.

రసం వేడెక్కగానే కొంచెం సున్నం నీళ్లు కలుపుతారు. చెరకు రసం స్వభావం కొద్దిగా ఆమ్లం. సున్నం క్షారం. రెండూ కలిసి ఆమ్లత్వం తగ్గుతుంది, రసంలోని మలినాలు ముద్దకట్టి మడ్డిగా పైకి తేలతాయి. దాన్ని గరిటెతో తీసి పారేస్తారు. సున్నం వేసిన ఆ నిమిషమే బాణలిలో ఒక రసాయన మార్పు జరిగిందన్నమాట. పాప రాసిన జవాబులో ఇది లేదు, ఉండాలని ఎనిమిదో తరగతి పిల్లను అడగడం కూడా న్యాయం కాదు.

సున్నం వేయడానికి మరో పెద్ద కారణం ఉంది. నేను ఎక్కువ సేపు చెప్పదలచుకున్నది దీని గురించే. రసంలోని తీపిలో అధికభాగం సుక్రోజ్, అంటే మన పంచదారే. ఆమ్లం ఉన్న నీటిలో వేడి తగిలితే సుక్రోజ్ అణువు ఒక నీటి అణువును తనలో కలుపుకొని రెండుగా విడిపోతుంది. ఒకటి గ్లూకోజ్, రెండోది ఫ్రక్టోజ్. లెక్క కూడా సరిగ్గా సరిపోతుంది: 342 గ్రాముల సుక్రోజ్ 18 గ్రాముల నీటితో కలిస్తే 180 గ్రాముల గ్లూకోజ్, 180 గ్రాముల ఫ్రక్టోజ్ వస్తాయి. ఈ పక్క 360, ఆ పక్క 360. అంటే ఆ బాణలిలో నీళ్లకు రెండు దారులున్నాయి. చాలా నీళ్లు ఆవిరై పైకి పోతాయి. కొద్ది నీళ్లు ఎక్కడికీ పోకుండా చక్కెర అణువులోనే చేరిపోతాయి. పోయిన నీళ్లది భౌతిక మార్పు, చేరిన నీళ్లది రసాయన మార్పు. పాప "నీళ్లు ఆవిరైపోతాయి" అని రాసింది. మొదటి దారిని సరిగ్గానే చూసింది.

ఈ రెండో దారి ఎక్కువైతే రైతుకు నష్టం. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను బాగా పీల్చుకుంటుంది, సుక్రోజ్ స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడుతుంది. అందుకే నరికిన గడను రెండు మూడు రోజులు అలాగే పడేసి తరువాత ఆడిస్తే బెల్లం గట్టిపడక జిగురుగా సాగుతుంది, వానాకాలంలో చెమర్చుతుంది. మా నాన్నగారికి సుక్రోజ్ అన్న మాట తెలియదు. "కోసిన గడ రేపటికి ఉండకూడదు" అని మాత్రం గట్టిగా చెప్పేవారు. ఆ మాట వెనుక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

పాకం చిక్కబడేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. శుభ్రమైన నీళ్లయితే మరుగుతున్నంత సేపూ ఉష్ణోగ్రత కదలదు. చక్కెర కలిసిన నీళ్లు అలా ఆగవు. దించే సమయానికి పాకం దాదాపు 118 డిగ్రీలకు చేరుతుంది. మా గానుగ దగ్గర ఉష్ణమాపకం ఉండేది కాదు. పాకం చుక్కను చల్లటి నీళ్లలో వేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవారు. చుక్క నీళ్లలో చెదిరిపోతే ఇంకా కావాలి. మెత్తగా సాగితే దగ్గరపడింది. ఉండ కట్టి, గిన్నె అంచుకు కొడితే టక్కుమని మోగితే వెంటనే దించాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే రంగు చెడుతుంది. ఆ ఉండ గట్టితనం ఒక భౌతిక ధర్మం. దాన్ని వేళ్లతో కొలిచి పాకంలో నీళ్లు ఎంత మిగిలాయో చెప్పేవారు.

రంగు సంగతి కూడా చెప్పాలి. పచ్చి రసం మాసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది, బెల్లం బంగారు రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది. నీళ్లు పోయినందువల్ల రసం చిక్కబడుతుంది గాని, ఈ గోధుమ రంగు రాదు. ఆ వేడిలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు రసంలోని అమైనో ఆమ్లాలతో కలిసి కొత్త గోధుమ రంగు పదార్థాలనూ, బెల్లానికి ఉండే ఆ ప్రత్యేకమైన సువాసననూ పుట్టిస్తాయి. దోసె పెనం మీద ఎర్రగా కాలడం కూడా ఇదే కోవకు చెందిన చర్య.

ఇక పానకం. బెల్లం నీళ్లలో కరగడం భౌతిక మార్పు. నీళ్లు మరిగించేస్తే మళ్లీ తీపి ముద్ద దొరుకుతుంది. కానీ పానకం చెరకు రసం కాదు. పాపను ఒక గ్లాసు పానకం, ఒక గ్లాసు తాజా చెరకు రసం పక్కపక్కన పెట్టుకొని రంగు చూడమనండి, వాసన చూడమనండి, రుచి చూడమనండి. చిన్న పిల్ల కూడా తేడా పట్టేస్తుంది. ఎందుకు తేడా? నీళ్లను మనం తిరిగి ఇచ్చాం. విడిపోయిన సుక్రోజ్‌ను తిరిగి కలపలేదు, పుట్టిన గోధుమ రంగును తీసేయలేదు, మడ్డిగా పోయినదాన్ని తేలేదు. ప్రయోగశాలలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. బెనిడిక్ట్ ద్రావణం అని ఒక నీలి ద్రావణం ఉంది, దానిలో ఉండేది ఇందాకటి మైలుతుత్తమే. అందులో శుభ్రమైన పంచదార నీళ్లు వేసి వేడిచేస్తే నీలంగానే ఉంటుంది. బెల్లం నీళ్లు వేస్తే ఆకుపచ్చగా, పసుపుగా మారి చివరికి ఇటుక ఎరుపు మడ్డి దిగుతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్నాయని దాని అర్థం. గడలోనే కొంచెం గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి తాజా రసం కూడా కొంత రంగు మారుస్తుంది. ఈ ఒక్క పరీక్షతో తొందరపడి తీర్పు ఇవ్వకూడదని నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి.

తొందరపడటం గురించి మరో మాట. "రంగు మారితే, బుడగలు వస్తే, వేడి పుడితే రసాయన మార్పు" అని పిల్లలు వల్లెవేస్తారు. అవి అనుమానించడానికి ఆధారాలు, అంతకు మించి కావు. గోలీసోడా తెరిస్తే బుడగలు పొంగుతాయి. అది ఒత్తిడితో నీళ్లలో కరిగించిన వాయువు బయటికి రావడమే. అదే బుడగలు నిమ్మరసంలో వంటసోడా వేసినప్పుడు వస్తే, అక్కడ ఆ వాయువు అప్పుడే పుట్టింది.

రంగు విషయంలో మన దగ్గర ఉన్నంత గొప్ప ఉదాహరణ మరెక్కడా దొరకదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఇంట్లో ఒక పూట కూర్చుంటే ఈ పాఠం మొత్తం కళ్లముందు జరుగుతుంది. అక్కడ నల్లరంగు తయారుచేసే కుండలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, నీళ్లు, బెల్లం వేసి కొన్ని వారాలు ఊరబెడతారు. మన గానుగ బెల్లం అక్కడికి చేరిందన్నమాట. బెల్లం పులిసి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా తినేసి నీళ్లలో కలుపుతుంది. వడకట్టిన ఆ ద్రవం చూడటానికి నల్లగా ఉండదు, పలుచని గోధుమ రంగులో ఉంటుంది. ఇటు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని వెన్న, రంగు పాకకుండా గీత నిలిచేలా చూస్తుంది. కరక్కాయకు వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు గుడ్డలో ఉండిపోతాయి. వెదురు కలానికి చుట్టిన నూలును నొక్కుతూ ఆ గోధుమ రంగు ద్రవంతో గుడ్డ మీద గీత గీస్తే, కలం వెనుకే గీత నల్లబడుతూ వస్తుంది. ఇనుము, టానిన్ కలిసి ఆ గుడ్డ మీదే కొత్త పదార్థం పుట్టింది. కలంలో నలుపు లేదు, గుడ్డలో నలుపు లేదు. ఇంతకంటే స్పష్టంగా రసాయన మార్పును ఏ ప్రయోగశాలా చూపించలేదు. అరటికాయ తరిగితే ఇనుప కత్తిపీట నల్లబడటం మీరు చూసే ఉంటారు, అక్కడా ఇదే జరుగుతుంది.

పాపకు ఇంట్లో చేయగలిగిన ప్రయోగం ఒకటి చెబుతాను, కర్పూరంతో. మీరు పక్కన ఉండి చేయించండి, కిటికీలు తెరిచి ఉంచండి. పొయ్యి మీద నీళ్లు మరిగించి, పొయ్యి పూర్తిగా ఆర్పేసి, గిన్నెను దూరంగా బల్ల మీదికి మార్చండి. చిన్న పొడి స్టీలు గిన్నెలో నాలుగు కర్పూరం బిళ్లలు నలిపి వేసి, దాన్ని ఆ వేడి నీళ్లలో నిలబెట్టండి, లోపలికి నీళ్లు చేరకూడదు. పైన స్టీలు మూత బోర్లించకుండా పెట్టి, దాని మీద మంచు ముక్కలు వేయండి. పావుగంట, ఇరవై నిమిషాల తరువాత మూత తీసి అడుగు భాగం చూడండి. సన్నని తెల్లటి పలుకులు అంటుకొని ఉంటాయి. కర్పూరం నీరుగారకుండానే ఆవిరై, చల్లటి రేకు తగలగానే మళ్లీ ఘనపదార్థమైంది. దీన్ని ఉత్పతనం అంటారు. ఆ పలుకుల వాసన అదే. భౌతిక మార్పు.

ఆ సామాను మొత్తం తీసేసి, గది వాసన తగ్గాక, హారతి పళ్లెంలో ఒక బిళ్ల వెలిగించి, మంటకు పైన పొడిగా ఉన్న చల్లని స్టీలు చెంచాను రెండు క్షణాలు పట్టుకోండి. నల్లటి మసి పడుతుంది. కర్పూరం అణువులో 10 కార్బన్ పరమాణువులు ఉన్నాయి, అన్నిటికీ ఆక్సిజన్ అందక మిగిలిన కార్బన్ అది. ఆ మసిని ఎంత చల్లార్చినా, ఎంత నలిపినా కర్పూరం వాసన రాదు. ఇంకో సంగతి: నిజానికి మండేది బిళ్ల కాదు, దాని నుంచి లేచే ఆవిరి. అంటే వెలుగుతున్న ఒక్క బిళ్లలోనే కింద భౌతిక మార్పు, పైన రసాయన మార్పు ఒకేసారి నడుస్తున్నాయి. బెల్లం బాణలిలాగే.

మార్కుల మాటకొస్తే, ఆ ఉపాధ్యాయులతో వాదన పెట్టుకోమని నేను చెప్పను. పాపనే గౌరవంగా, పానకం గ్లాసు సంగతి చెప్పి అడగమనండి. ఈ ప్రశ్న మళ్లీ వస్తే ఇలా రాయమనండి: "చెరకు రసం కాచినప్పుడు నీరు ఆవిరవడం భౌతిక మార్పు. అదే సమయంలో సుక్రోజ్‌లో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, కొత్త గోధుమ రంగు పదార్థాలు ఏర్పడతాయి. ఇవి రసాయన మార్పులు. కాబట్టి బెల్లం తయారీలో రెండు రకాల మార్పులూ ఉన్నాయి." ఒకటే ఎంచుకోమని ప్రశ్నపత్రం పట్టుబడితే రసాయన మార్పు అనే రాయాలి, ఎందుకంటే కొత్త పదార్థాలు పుట్టాయి. కారణం దగ్గర మాత్రం "తిరిగి రాదు కాబట్టి" అని రాయవద్దని చెప్పండి.